మీ రెజ్యూమెలో మీరే కనిపించాలి

జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లోని మందుల కంపెనీలో వాక్‌ఇన్ (నేరుగా వెళ్లి హాజరయ్యే ఇంటర్వ్యూ) ఉందని తెలియగానే మన పిల్లలు మొదట పరుగెత్తేది జెరాక్స్ షాపుకు. అక్కడి కంప్యూటర్లో ఉన్న ఎవరిదో రెజ్యూమెలో పేరు, మార్కులు మార్చి పది కాపీలు తీసుకుంటారు. డిగ్రీ విద్యార్థుల రెజ్యూమెలు దిద్దుతున్న నా దగ్గరికి ఒక అమ్మాయి తెచ్చిన కాగితంలో పైన ఆమె పేరుంది, అడుగున డిక్లరేషన్ కింద వేరొకరి పేరుంది. అప్పటికే దాన్ని నాలుగు చోట్ల ఇచ్చి వచ్చింది. ఆ రోజు నుంచి నేను ఎవరినీ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి మొదలుపెట్టించడం లేదు.

ముందుగా ఒక తెల్లకాగితం మీద, తెలుగులోనే, ఇంతవరకు మీరు చేసిన పనులన్నీ రాసుకోండి. ల్యాబ్‌లో చేసిన ప్రయోగాలు, ప్రాజెక్టులో మీ వంతు పని, సెలవుల్లో చేసిన కొలువు, ఊళ్లో చెప్పిన ట్యూషన్లు, ఏదీ వదలవద్దు. తర్వాత ఉద్యోగ ప్రకటనను పక్కన పెట్టుకుని, అందులో వారు అడిగిన నైపుణ్యాల కింద గీత గీసి, మీ జాబితాలో వాటికి సరిపోయేవాటిని పైకి తీసుకురండి. క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగానికి టైట్రేషన్ (ద్రావణం గాఢతను కనుక్కునే ల్యాబ్ ప్రయోగం) చేసిన అనుభవం ముందుండాలి. మందులోని రసాయనాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రాన్ని దూరం నుంచి చూసి వచ్చినవారు మాత్రం దాని పేరు రాయకూడదు, ఎందుకంటే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దానిమీదే పడుతుంది.

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టవలసింది చేసిన పనిని వర్ణించే వాక్యాల మీద. మిర్యాలగూడ రైస్ మిల్లులో లెక్కలు చూసిన ఒక యువకుడు 'కష్టపడే స్వభావం, బృందంలో కలిసిపోతాను' అని రాశాడు. రోజూ ఏం చేసేవాడివని అడిగితే, వచ్చిన ధాన్యం లారీల తూకం చీటీలు చూసి ట్యాలీలో ఎక్కించి, సాయంత్రానికి గుమాస్తా పుస్తకంతో సరిచూసేవాణ్ణని చెప్పాడు. రాయవలసింది అదే: ఎన్ని నెలలు చేశాడు, రోజుకు సుమారు ఎన్ని లారీలు, ఏ సాఫ్ట్‌వేర్, తేడా వస్తే ఏం చేసేవాడు. అకౌంట్స్ ఉద్యోగం ఇచ్చేవారికి ఈ రెండు వాక్యాలు చాలు. మిల్లు పని చెప్పుకోవడానికి అతను సిగ్గుపడ్డాడన్నదే నాకు బాధ కలిగించింది.

మధ్యలో ఖాళీ సంవత్సరాలుంటే దాచవద్దు. 2022లో నోటిఫికేషన్ వచ్చిన గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దు కావడంతో మన జిల్లాల్లో ఎంతోమంది ఏళ్ల సమయం పోగొట్టుకున్నారు. 'గ్రూప్స్‌కు సన్నద్ధత' అని ఒక్క పంక్తిలో తేదీలతో రాసి, ఆ కాలంలో వేరే పని ఏదైనా చేసి ఉంటే దాన్నీ కలపండి.

చదువును తాజాది పైన వచ్చేలా రాయాలి. యూనివర్సిటీ పేరు మెమోలో ఉన్నట్టే ఉండాలి. పాలమూరు యూనివర్సిటీ 2008లో, నల్లగొండలోని మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007లో ఏర్పడ్డాయి కాబట్టి, ఒకే కాలేజీలో చదివినా అన్న మెమోలో ఉస్మానియా, తమ్ముడి మెమోలో పాలమూరు ఉండవచ్చు. సీజీపీఏ ఉంటే సీజీపీఏనే వేయండి, పర్సంటేజీగా మార్చే లెక్క సొంతంగా కట్టవద్దు. కులం, మతం, పెళ్లి వివరాలు అనవసరం. పది చేతులు మారే కాగితం మీద ఆధార్ నంబరు అసలే వద్దు.

ఇప్పుడు ఇంగ్లీషులోకి మార్చండి. చాట్‌బాట్ సాయం తీసుకున్నా, మీరు నోటితో వివరించలేని మాట ఒక్కటీ ఉంచకండి. కొత్తగా ఉద్యోగంలో చేరేవారికి ఒక పేజీ చాలు. కంపెనీలు రెజ్యూమెలను ముందుగా సాఫ్ట్‌వేర్‌తో వడపోయడం పెరిగింది కాబట్టి, అది తప్పుగా చదివే అవకాశమున్న పట్టికలు, రెండు నిలువు వరుసల డిజైన్లు, బొమ్మలు మానుకుని సాదా అక్షరాలతో పీడీఎఫ్ చేసి, ఫైలుకు మీ పేరు, ఉద్యోగం పేరు పెట్టండి.

పంపే ముందు అందులో వేసిన ఫోన్ నంబరుకు వేరే ఫోన్ నుంచి ఒకసారి చేసి చూడండి. రీచార్జి అయిపోయిన సిమ్ నంబరో, పొలంలో ఉండే నాన్న నంబరో వేసి పిలుపు పోగొట్టుకున్నవారిని నేను చూశాను.