విశాఖలో పాత కట్టడాలను ఫొటో తీయబోయే ముందు

– యజమాని అనుమతి ముందే తీసుకోండి. తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన రమ్మన్నట్టు కాదు.

– తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉన్న ఊరిది. డాక్‌యార్డు వైపు కెమెరా తిప్పవద్దు. డ్రోన్ ఇంట్లోనే ఉంచండి.

– వన్‌టౌన్‌లో పాత మేడ ఎక్కే ముందు శ్లాబును కింది నుంచి పరిశీలించండి. ఉప్పుగాలికి లోపలి ఇనుప చువ్వలు తుప్పుపట్టి ఉబ్బుతాయి, సిమెంటు పెచ్చులుగా రాలుతుంది. ఎర్రటి మరకలు, బయటపడిన చువ్వ కనిపిస్తే గుమ్మం దగ్గరి నుంచే తీయండి. వెలుగు ఎంత అందంగా పడుతున్నా సరే, లోపలికి వద్దు.

– మందపాటి బూట్లు, టార్చి, ఒక తోడు. పాములుంటాయి.

– తుపాను హెచ్చరిక ఉంటే వాయిదా వేయండి.

– ఏసీ గది నుంచి తెచ్చిన లెన్సుకు ఆవిరి పడుతుంది; కాసేపు సంచిలోనే ఉంచండి.

– భీమిలి డచ్చి సమాధులపై కాలు మోపకండి. చెక్కిన అక్షరాలు ఫొటోలో స్పష్టంగా రావాలని సుద్దతో దిద్దకండి.