మెంబ్రేన్ లాగే ముందు: చేతులు, గాలి, తొట్టి నీళ్లు

నూనె కలిసిన నీటిని వడకట్టే పాలిమర్ మెంబ్రేన్ తయారీ చూడ్డానికి చాలా తేలికైన పని. పాలిమర్ పొడిని ద్రావకంలో కరిగించాలి, తేనెలా చిక్కబడ్డాక గాజు పలక మీద పల్చగా లాగాలి, పలకను నీళ్లలో ముంచాలి. అంతే. అప్పటిదాకా గాజులా కనిపించిన పొర కొన్ని సెకన్లలో మీగడలా తెల్లబడి, అంచుల దగ్గర లేచి, తనంతట తానే పలకను వదిలేస్తుంది. మొదటిసారి చేసేవాళ్లు ఆ తెల్లబడటాన్ని చూస్తూ చేతులు నీళ్లలోంచి తీయడం మర్చిపోతారు. కింద చెప్పే జాగ్రత్తల్లో చాలావరకు ఆ చేతుల గురించే.

పీవీడీఎఫ్, పాలీసల్ఫోన్, పాలీఈథర్‌సల్ఫోన్ లాంటి పాలిమర్లతో మామూలుగా పెద్ద భయం లేదు. భయపడాల్సింది వాటిని కరిగించే డీఎంఎఫ్, డీఎంఏసీ, ఎన్‌ఎంపీ అనే ద్రావకాలకు. డీఎంఎఫ్ 153 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, ఎన్‌ఎంపీ 202 దగ్గర. గది వేడిలో నెమ్మదిగానే ఆవిరవుతాయి కాబట్టి ముక్కు మండదు, కళ్లు నీళ్లు పెట్టుకోవు. దాంతో మనకూ ధీమా వచ్చేస్తుంది. కానీ ఈ మూడూ చర్మంలోంచి నేరుగా ఒంట్లోకి పోతాయి. డీఎంఎఫ్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. కడుపులో బిడ్డకు మూడింటితోనూ ముప్పు ఉంది. గర్భిణులు, పిల్లల కోసం ప్లాన్ చేసుకుంటున్నవాళ్లు కాస్టింగ్ (పొర లాగి ముంచే) పని ఇంకొకరికి అప్పగించాలి. వాళ్లు కారణం చెప్పుకోవాల్సిన అవసరం రాకుండా చూడటం ల్యాబ్ నడిపేవాళ్ల బాధ్యత. యూరోపియన్ యూనియన్ 2020 మే నుంచి ఎన్‌ఎంపీకి, 2023 డిసెంబర్ నుంచి డీఎంఎఫ్‌కి పనిచేసే చోట కట్టుదిట్టమైన పరిమితులు పెట్టింది. డీఎంఎఫ్ విషయంలో పీల్చే గాలికే కాదు, చర్మానికి తగిలే మోతాదుకూ లెక్క కట్టారు.

ఇక గ్లవ్స్. ల్యాబుల్లో డబ్బాలకు డబ్బాలు దొరికే పల్చటి నైట్రైల్ గ్లవ్స్ ఈ ద్రావకాలకు పనికిరావు. కొత్తలో నాకూ తెలియదు. పొర లాగే బ్లేడుకు అంటుకున్న డోప్‌ని, అంటే ద్రావకంలో కరిగిన పాలిమర్‌ని, టిష్యూతో తుడుస్తుంటే చూపుడు వేలు చల్లగా అనిపించింది. చూస్తే గ్లవ్ వేలి చివర ఉబ్బి, ముడతలు పడి, జారుతోంది. తీసి చూస్తే లోపల వేలు తడిగా ఉంది. చెమటే అనుకుని మరో నైట్రైల్ జత వేసుకుని పని కొనసాగించాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, భయమూ వేస్తుంది. వాడాల్సింది బ్యూటైల్ రబ్బరు గ్లవ్స్. అవి మందంగా ఉంటాయి, చేతికి పట్టు దొరకదు. అందుకని లోపల పల్చటి లామినేట్ (ప్లాస్టిక్ పొరల) గ్లవ్, పైన పట్టు కోసం నైట్రైల్ వేసుకుంటే పని నడుస్తుంది. పైదాని మీద చుక్క పడిందా, ఆ క్షణమే తీసేయండి. పని అయ్యాక కడుక్కుందాం అనుకుంటే ఆలస్యమైపోతుంది.

మరో మాట. డీఎంఎఫ్ ఒంట్లోకి పోయినవాళ్లు మద్యం తాగితే ముఖం ఎర్రబడటం, గుండె దడ, వికారం లాంటివి వస్తాయి. పని చేసి రెండు మూడు రోజులు గడిచాక తాగినా రావచ్చు. ఎవరికైనా అలా జరిగితే మందు పడలేదని సరిపెట్టుకోకుండా గ్లవ్స్ వైపు, ఆవిరిని బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ వైపు చూడండి.

కరిగించేటప్పుడు పొడిని ఒక్కసారిగా కుమ్మరించొద్దు. ఉండలు కట్టి, సీసాలో తిరుగుతూ కలిపే మాగ్నెట్ ఆగిపోతుంది. ద్రావకం తిరుగుతుండగా కొంచెం కొంచెంగా వేయాలి. 60, 70 డిగ్రీల వేడి చాలు, హాట్‌ప్లేట్ డయల్‌ను నమ్మకుండా థర్మామీటర్ పెట్టుకోవాలి. డీఎంఎఫ్ ఆవిరి 58 డిగ్రీల దగ్గరే నిప్పంటుకునేంత చేరుతుంది. అంటే మనం పనిచేసే వేడిలో అది మండే ద్రవం కిందే లెక్క. కాబట్టి కరిగించడం ఫ్యూమ్ హుడ్‌లోనే జరగాలి, చుట్టుపక్కల మంట గానీ స్పార్క్ వచ్చే పరికరం గానీ ఉండకూడదు. సీసా నిండా నింపి, మూత బిగించి రాత్రంతా వదిలేయడం చాలామంది చేసే తప్పు. మూడో వంతు ఖాళీ ఉంచండి. పీవీడీఎఫ్ తుక్కును కాల్చి వదిలించుకునే ఆలోచన అసలు వద్దు, హైడ్రోజన్ ఫ్లోరైడ్ వస్తుంది.

వానాకాలంలో కాస్టింగ్ చేస్తే మెంబ్రేన్‌కే ఇంకో గండం ఉంది. గాలిలో తేమ ఎక్కువైతే పొర నీళ్లలోకి వెళ్లకముందే ఆ తేమను పీల్చుకుని మసకబారుతుంది. పై తోలు కట్టే తీరు మారిపోతుంది, రంధ్రాల సైజు మారిపోతుంది. నిన్నటి షీటు నూనెను ఆపింది, ఇవాళ్టిది వదిలేస్తోంది, రెసిపీ మాత్రం అదే. వారం పాటు పాలిమర్ బ్యాచ్‌ను తిట్టుకునే బదులు టేబుల్ మీద ఒక తేమ మీటర్ పెట్టుకోండి. పొర లాగడానికీ ముంచడానికీ మధ్య ఎన్ని సెకన్లో, అప్పుడు తేమ ఎంతో ప్రతి షీటుకూ రాసుకోండి. పాలిమర్ పొడిని ముందు రోజే ఓవెన్‌లో ఆరబెట్టాలి. డోప్‌లో బుడగలు పూర్తిగా పోయేదాకా కదపకుండా ఉంచాలి. ఒక్క బుడగ మిగిలినా అక్కడ సూదిబెజ్జం పడి, నూనె అందులోంచే దారి చూసుకుంటుంది.

ఇప్పుడు పలకను ముంచే తొట్టి. అందులోవి నీళ్లలాగే కనిపిస్తాయి, కానీ ఒక చిన్న లెక్క వేద్దాం. 30 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు షీటును 200 మైక్రాన్ల మందంతో లాగితే 12 మిల్లీలీటర్ల డోప్ పడుతుంది. అందులో దాదాపు 10 ద్రావకమే. పది షీట్లు ముంచితే ఐదు లీటర్ల తొట్టిలో 100 మిల్లీలీటర్లు, అంటే నూటికి రెండు వంతులు. ఆ నీళ్లలో ఉత్త చేతులు పెట్టొద్దు, సింకులో పారబోయొద్దు, విడిగా క్యాన్‌లో పట్టాలి. పైగా తొట్టిలో ద్రావకం పెరిగేకొద్దీ పొర కట్టే తీరూ మారుతుంది కాబట్టి నీళ్లు మార్చడం మెంబ్రేన్‌కీ మంచిదే. గాజు పలక అంచులు అరగదీసినవే వాడండి. తడి గ్లవ్‌లోంచి జారి తొట్టిలో పగిలితే ముక్కలు కంటికి కనిపించవు. చెయ్యి పెట్టి వెతకొద్దు, నీళ్లు తోడేశాక పట్టకారుతో ఏరండి.

నీటిని ఇష్టపడే మెంబ్రేన్ కావాలని టైటానియం డయాక్సైడ్ నానో పొడి కలిపేవాళ్లు దాన్ని తూచేటప్పుడు మాస్కు పెట్టుకోవాలి, వీలైతే ద్రవంలో కలిపి అమ్మేదే కొనాలి. ఇదే పనికి వాడే గ్రాఫీన్ ఆక్సైడ్‌ను సొంతంగా చేద్దామనుకుంటే ఇంకోసారి ఆలోచించండి. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో పొటాషియం పర్మాంగనేట్ వేసే ఆ పద్ధతిలో వేడి అదుపు తప్పితే పేలుతుంది. నేనైతే కొనుక్కోమనే అంటాను.

నూనె నీళ్లను ఒత్తిడితో మెంబ్రేన్‌లోంచి నెట్టి చూసే పరీక్ష దగ్గర నైట్రోజన్ సిలిండర్ వస్తుంది. దాన్ని గోడకు గొలుసుతో కట్టాలి. మెంబ్రేన్ బిగించే సెల్‌ను మొదటిసారి నూనె లేకుండా ఉత్త నీళ్లతో నింపి ప్రెషర్ ఎక్కించి, లీకులు చూసుకోవాలి. గేజ్ సున్నాకు వచ్చాక కూడా వెంట్ వాల్వ్ తెరిచి, ఆ తర్వాతే మూత విప్పాలి. నూనె కింద హెక్సేన్, పెట్రోల్ ఎంచుకుంటే వాటిని మిక్సర్‌లో నీళ్లతో గిలక్కొట్టి ఎమల్షన్ (నూనె, నీళ్ల కలగలుపు) చేయడమే పెద్ద ప్రమాదం, మోటారు స్పార్క్ ఒక్కటి చాలు. మొదటి ప్రయత్నాలకు హెక్సాడెకేన్ మేలు, 130 డిగ్రీలు దాటితే గానీ దాని ఆవిరి అంటుకోదు.

వ్యర్థాల క్యాన్ల మీద ఏముందో అదే రోజు రాసి అంటించండి. డీఎంఎఫ్‌ను క్లోరిన్ ఉన్న ద్రావకాల క్యాన్‌లో పోయకండి, కార్బన్ టెట్రాక్లోరైడ్ లాంటి వాటితో, ముఖ్యంగా ఇనుము తగిలితే, వేడెక్కి తిరగబడుతుంది. తొట్టి నీళ్లకు ఒక క్యాన్, డోప్ తుడిచిన టిష్యూలకు మూత ఉన్న డబ్బా, నూనె ఎమల్షన్‌కు ఇంకోటి. ఈ మూడూ కాస్టింగ్ మొదలుపెట్టకముందే టేబుల్ కింద సిద్ధంగా ఉండాలి. పొర లాగాక వెతుక్కునే టైం ఉండదు.