డేటా సేకరణ మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

2015లో 100 మనస్తత్వశాస్త్ర అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే, గణాంకపరంగా నిలిచే ఫలితం 36 శాతంలోనే వచ్చింది. కాబట్టి మొదటి మనిషిని పిలవకముందే ఇవి సరిచూసుకోండి.

□ ముందస్తు నమోదు (ఏం కొలుస్తారో, ఎలా విశ్లేషిస్తారో డేటాకు ముందే రాసి నమోదు చేయడం) అయిందా? "ఆందోళన తగ్గుతుంది" అని రాస్తే చాలదు. ఏ ప్రశ్నావళి, ఎన్నో వారం, మొత్తం స్కోరా లేక ఉపవిభాగమా, ఏ పరీక్ష అన్నీ తేల్చాలి. ఇక్కడ వదులుగా ఉంచితే, తర్వాత నాలుగు కొలతల్లో ఏది కలిసొస్తే అదే ప్రధానమైపోతుంది. మోసం చేయాలని కాదు, మొదట్నుంచీ అదే అనుకున్నట్టు గుర్తుంటుంది.

□ నమూనా లెక్క వేశారా? రెండు గుంపుల మధ్య తేడా 0.5 ప్రామాణిక విచలనం (స్కోర్లు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే కొలత) అనుకుంటే, 5 శాతం హద్దుతో (లేని తేడా ఉన్నట్టు తేలే అవకాశం) 80 శాతం పవర్‌కి (ఉన్న తేడాను పట్టుకునే అవకాశం) గుంపుకు 64 మంది కావాలి. తేడా 0.2 అయితే 394 మంది. అచ్చయిన పాత ఫలితాల్లో తేడా తరచూ ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తుంది, దాన్నే నమ్ముకోవద్దు.

□ ఎక్కడ ఆపుతారు? మధ్యమధ్య తొంగిచూసి "వచ్చేసింది" అని ఆపడం ప్రమాదం. సమాన విరామాల్లో ఐదుసార్లు చూస్తే, లేని తేడా ఉన్నట్టు తేలే అవకాశం 5 నుంచి సుమారు 14 శాతానికి పెరుగుతుంది.

□ ఎవరి జవాబులు తీసేస్తారో ముందే రాయండి.

□ కోడ్‌బుక్ (డేటాలో ఏ అంకెకు ఏ అర్థమో రాసిపెట్టే పట్టిక). జవాబు లేనిచోట 999 వేసి ఆ మాట రాయకపోతే, అది వయసు సగటులో కలిసిపోతుంది. తిరగేయాల్సిన ప్రశ్నలకు (మిగతావాటికి వ్యతిరేక అర్థంలో అడిగినవి), 1 నుంచి 5 స్కేలులో, వచ్చిన అంకెను 6లోంచి తీసేయాలి.

□ పేర్లు తీసేసిన డేటాను పంచుకోవడానికి అంగీకార పత్రంలోనే అనుమతి అడగండి. తర్వాత వెతుక్కుంటే మనుషులు దొరకరు.

□ పది నకిలీ వరుసలతో విశ్లేషణ కోడ్ ఒకసారి నడిపి చూడండి.