జపసాధన – 4వ పాఠం: ఆదివారం బాకీలు

పోయిన పాఠంలో రోజుకో మాల, అంటే 108 సార్లు, ఒకే వేళకు చేయమన్నాను. మీ మెసేజీలు చదివాక ఈసారి మొదలుపెట్టాల్సిన ప్రాణాయామం పక్కన పెట్టేశాను. సగంమంది వారమంతా ఎగ్గొట్టి, ఆదివారం కూర్చుని అన్నీ లాగించేశారట. చెన్నై తిరువాన్మియూరులో రైలెక్కి మైలాపూరులో దిగేలోపు అయిదు మాలలు ముగించానని ఒకాయన గర్వంగా రాశారు. ఆ వేగంలో నామం నోట్లోనే నలిగిపోతుంది, పూసలు జరగడమే మిగులుతుంది.

మాల ఎలా పట్టుకోవాలో మీకు తెలిసిందే. నాకైతే వేళ్ల కణుపుల లెక్కే హాయి.

ఈ బాకీ తీర్చే అలవాటు చూస్తే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. బుధవారం జ్వరమో, ఆఫీసులో రిలీజో, కుదరలేదు. గురువారం రెండు చేద్దాం అనుకుంటారు. రెండింటికి టైం చాలదు, అదీ పోతుంది. శుక్రవారానికి మూడు. శనివారం మాల కంటపడితేనే టెన్షన్. దేవుడి గదిలోకి వెళ్లడమే మానేస్తారు. తప్పింది ఒక్కరోజే, సాధనను ముంచింది ఆ లెక్క. అభ్యాసం గట్టిపడాలంటే చాలాకాలం, ఎడతెగకుండా, శ్రద్ధగా చేయాలని పతంజలి యోగసూత్రం (1.14). ఒక్కరోజే కుప్పపోస్తే ఎడతెగకుండా చేసినట్టూ కాదు, శ్రద్ధా ఉండదు. పోయిన రోజు పోయింది. మర్నాడు ఒక్క మాలే, ఒక్క పూస కూడా ఎక్కువ వద్దు.

మనసు నిలవడం లేదన్నవాళ్లు గీత ఆరో అధ్యాయం 26వ శ్లోకం చూడండి. మనసు ఎటు పోతే అటునుంచి మళ్లించి తెమ్మన్నాడు కృష్ణుడు. పప్పులో ఉప్పు వేశానా అని గుర్తొచ్చిందా? ఆ పూస దగ్గరే ఆగి, నామం మళ్లీ పలికి ముందుకెళ్లండి.

"అంతా స్వామి దయే అయితే మన ప్రయత్నం దేనికండీ?" అని ట్రిప్లికేన్ నుంచి ఒకావిడ అడిగారు. శ్రీవైష్ణవుల్లోని రెండు శాఖలు, వడగలై, తెంగలైల మధ్య ఇది పాత చర్చే. మన ప్రయత్నమూ కావాలంటూ వడగలైవారు తల్లిని తానే గట్టిగా పట్టుకునే కోతిపిల్లను చూపిస్తారు, దయే చాలంటూ తెంగలైవారు తల్లి నోట కరుచుకుపోయే పిల్లికూనను. మీ పార్థసారథి స్వామి గుడి తెంగలై సంప్రదాయానిదేనమ్మా. దయే దిక్కన్న ఆ గుడిలో కూడా ఆళ్వార్ల పాటలైన ప్రబంధ పారాయణం మానలేదు కదా.

అభ్యాసం: 41 రోజులు, రోజుకు ఒక్క మాల. హుషారొచ్చినా రెండోది వద్దు. తప్పిన రోజున క్యాలెండర్‌లో సున్నా చుట్టండి, తర్వాత దిద్దకండి. మాల అయ్యాక మనసు సుమారు ఎన్నిసార్లు జారిందో దాని పక్కనే రాయండి. ప్రాణాయామం ఎప్పుడని అడిగేవాళ్లు ముందు ఆ పేజీల ఫొటో పంపండి.