పెన్ డిస్‌ప్లే కొనేముందు దాని మీద ఒక మెలికల ముగ్గు వేసి చూడండి

షాపులో పెన్ డిస్‌ప్లే ట్యాబ్లెట్, అంటే తెర మీదే పెన్నుతో బొమ్మ గీసేది, డెమోకి పెట్టి ఉంటే అందరం ముందు దాని మీద సంతకం పెడతాం. సంతకం దేని మీదైనా బాగానే వస్తుంది, చేయి అలవాటుకొద్దీ పోతుంది కాబట్టి. అందుకే నేను ముగ్గు వేస్తాను. ఐదు చుక్కలు ఐదు వరసలు పెట్టి, వాటి చుట్టూ మెలిక తిప్పుతాను. పెన్ను మొన పెట్టినచోటే గీత పడుతుంటే మెలిక రెండు చుక్కల నడుమ సమంగా పోతుంది. పైన గాజుకీ లోపలి తెరకీ మధ్య ఖాళీ ఉంటే గీత ఒక పక్కకి జరిగి, చుక్కని రాసుకుంటూ పోతుంది. దీన్నే పారలాక్స్ అంటారు. గాజునీ తెరనీ అతికించేసిన వాటికి డబ్బా మీద 'ఫుల్లీ లామినేటెడ్' అని రాసి ఉంటుంది, వాటిలో ఈ బాధ బాగా తక్కువ. తెర నడుమ వేసి ఊరుకోకండి. నాలుగు మూలల్లోనూ వేయండి, గుట్టు అక్కడే బయటపడుతుంది.

ఇంకో మాట. ముగ్గు వేసేముందు సాఫ్ట్‌వేర్లో స్టెబిలైజర్ ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే వణికే గీతని కూడా నున్నగా దిద్ది చూపిస్తుంది. ఆపేశాక స్కేలు ఆనించి ఒక ఏటవాలు గీత బాగా నెమ్మదిగా గీయండి. గీత పాములా మెలికలు పోతే ఆ ట్యాబ్లెట్ వద్దు.

నేను విజయవాడలో ఒక డీటీపీ సెంటర్లో ఆరేళ్లు మౌస్‌తోనే బొమ్మలు వేశాను. మౌస్‌తో వినాయకుడి తొండం తిప్పినవాళ్లకి ఆ కష్టం తెలుస్తుంది. ఇప్పుడు ఇంట్లోనే పిల్లల కథల పుస్తకాలకి బొమ్మలు, పెళ్లికార్డుల డిజైన్లు చేస్తున్నాను. డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నవే ఇక్కడ ఎక్కువ రాస్తున్నాను.

ముందు అసలు మీకు పెన్ డిస్‌ప్లే అవసరమా అని చూసుకోండి. తెర లేని పెన్ ట్యాబ్లెట్ చాలా తక్కువ ధరలో వస్తుంది. చేయి కింద, చూపు పైన మానిటర్ మీద. రెండు మూడు వారాలు తిక్కతిక్కగా ఉండి తర్వాత అలవాటైపోతుంది. లోగోలు, ఫోటో రీటచింగ్ చేసేవాళ్లకి అదే చాలు, మెడ కూడా నిలబడుతుంది. ముఖాలు, బట్టల మడతలు, అక్షరాలు చేత్తో గీసేవాళ్లు మాత్రం పెన్ డిస్‌ప్లేకి డబ్బు దాచుకోవచ్చు. ఇది ఐప్యాడ్ లాంటిది కాదని కూడా గుర్తుపెట్టుకోండి. మామూలు పెన్ డిస్‌ప్లే అంటే పెన్ను పెట్టి గీయగలిగే మానిటర్, అంతే. వెనక కంప్యూటర్ లేకపోతే అది వెలగదు.

సైజు దగ్గర నేను బోర్లా పడ్డాను. పెద్దదైతే గొప్ప అనుకుని మొదట 22 ఇంచులది కొన్నాను. మా టేబుల్ వెడల్పు రెండడుగులు. ట్యాబ్లెట్ పెట్టాక కీబోర్డుకి చోటు లేదు, ఒళ్లో పెట్టుకున్నాను. అంతకన్నా పెద్ద తప్పు రిజల్యూషన్, అంటే తెర మీద ఉండే పిక్సెళ్ల (చుక్కల) లెక్క. 22 ఇంచుల మీద ఫుల్ హెచ్‌డీ అంటే అంగుళానికి దాదాపు 100 పిక్సెళ్లు. మానిటర్నైతే చేయి చాచినంత దూరం నుంచి చూస్తాం కాబట్టి తెలియదు. పెన్ డిస్‌ప్లే మీద జానెడు దూరంలోకి వంగి గీస్తాం. అమ్మాయి కనురెప్పల వెంట్రుకలు మెట్లుమెట్లుగా కనిపించేవి. అదే ఫుల్ హెచ్‌డీ 15.6 ఇంచుల మీద 141, 13.3 మీద 166 దాకా వస్తుంది. 22 ఇంచులు కావాలంటే రిజల్యూషన్ కూడా పెరగాలి, దాంతో ధరా పెరుగుతుంది. ఏడాది తిరక్కుండా నష్టానికి అమ్మేసి 16కి వచ్చాను. కొనేముందు ఆ కొలతకి అట్టముక్క కోసి టేబుల్ మీద పెట్టుకుని ఒక పూట పనిచేసి చూడండి.

రెండో దెబ్బ కేబుల్ దగ్గర తగిలింది. ఒకే సీ-టైప్ కేబుల్ చాలని రాసి ఉంది. నా లాప్‌టాప్‌కి సీ పోర్టు ఉంది, గుచ్చాను, తెర నల్లగానే ఉంది. పాడైన పీస్ ఇచ్చారనుకుని మధ్యాహ్నమంతా టెన్షన్. తీరా చూస్తే నా సీ పోర్టు డేటా పంపుతుందిగానీ వీడియో పంపదు. పోర్టు పక్కన డిస్‌ప్లేపోర్ట్ గుర్తో, థండర్‌బోల్ట్ మెరుపు గుర్తో ఉందేమో చూడండి, లేదా మోడల్ నంబర్ వెతికి 'డీపీ ఆల్ట్ మోడ్' (సీ పోర్టు నుంచి వీడియో పంపే సదుపాయం) ఉందని ఖాయం చేసుకోండి. లేకపోతే హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ, కరెంటు మూడూ కలిపి ఉండే త్రీ-ఇన్-వన్ కేబుల్ కావాలి. అది కొన్నిటికి డబ్బాలోనే వస్తుంది, కొన్నిటికి విడిగా కొనాలి.

8192 ప్రెషర్ లెవెల్స్, 16384 ప్రెషర్ లెవెల్స్ అని ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేస్తారు. పెన్ను నొక్కుడులో ఎన్ని మెట్లు గుర్తిస్తుందో చెప్పే లెక్క ఇది. ఆ రెండిటికీ తేడా నా చేతికైతే తెలియలేదు. గీత ఎంత తేలికపాటి స్పర్శకి మొదలవుతుందో అది తెలుస్తుంది. గోరింటాకు కోన్ పట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు, అసలు పనితనం నొక్కీ నొక్కనట్టు నొక్కడంలోనే ఉంటుంది. పెన్నుని చివర రెండు వేళ్లతో పట్టుకుని, నొక్కకుండా, దాని బరువుతోనే తెర మీద లాగండి. సన్నటి గీత తెగకుండా పడితే మంచి పెన్ను. గట్టిగా నొక్కితేగానీ పలకని పెన్నుతో రోజుకి ఆరు గంటలు గీస్తే మణికట్టు లాగుతుంది. వాకమ్, హుయాన్, ఎక్స్‌పీ-పెన్ ఇప్పుడు అమ్మే డిస్‌ప్లేల పెన్నులకి చార్జింగ్ బెడద దాదాపు లేదు. తెర వెనక పలక నుంచి వచ్చే విద్యుదయస్కాంత తరంగాలతోనే పెన్నులోని తీగచుట్ట పనిచేస్తుంది.

ఆ తరంగాల వల్లే ఇంకో తిరకాసు ఉంది. ఎర్త్ సరిగా లేని ప్లగ్గులో పెడితే కొన్నిసార్లు గీత వణుకుతుంది. మా పాత అద్దింట్లో అలాగే అయ్యేది, లాప్‌టాప్ చార్జర్ పీకేయగానే గీత తిన్నగా వచ్చేది. ట్యాబ్లెట్‌ని తిట్టేముందు ప్లగ్గు మార్చి చూడండి.

తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత ఎస్‌ఆర్‌జీబీ, అది వంద శాతానికి దగ్గరగా ఉంటే చాలు. ఎన్‌టీఎస్‌సీ అనే ఇంకో కొలతలో 72 శాతం అని ఉన్నా సుమారుగా అంతే. అసలు పని కొన్నాకే ఉంటుంది. నా తెర కొత్తలో నీలం వైపు మొగ్గి ఉంది, నేను గమనించలేదు. ఒక పెళ్లికార్డులో గడపకి పసుపు చాలట్లేదని ఎరుపు కలిపి కలిపి వెచ్చగా చేశాను. ప్రింటయ్యాక గడప బత్తాయి తొక్క రంగులో కాకుండా కమలాపండు రంగులో వచ్చింది. పెళ్లికూతురి తండ్రి ఏమీ అనలేదుగానీ కార్డుని రెండుసార్లు తిప్పి చూశారు. ఇప్పుడు మెనూలో కలర్ టెంపరేచర్ (తెలుపు ఎంత నీలంగా, ఎంత పసుపుగా ఉండాలో చెప్పేది) 6500కె పెట్టి, వెలుతురు తగ్గించి, అంతకుముందు ప్రింటయిన కార్డొకటి పక్కన పెట్టుకుని దానికి సరిపోయేలా చూసుకుంటాను.

గాజు కాస్త గరుకుగా, మెరుపు లేకుండా ఉంటే ట్యూబ్‌లైట్ కంట్లో కొట్టదు, పెన్ను జారదు. నిబ్బులు (పెన్ను మొనలు) మాత్రం త్వరగా అరుగుతాయి. స్టాండు లేకుండా కొనకండి, మెడ ఆ డబ్బుకి పదింతలు వసూలు చేస్తుంది. సెకండ్ హ్యాండైతే తెర ఆపేసి, వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకుంటే పాత గీతలన్నీ కనిపిస్తాయి. డ్రాయింగ్‌కి సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు, క్రిటా ఉచితం.

చివరగా పెన్ను సంగతి. ఒక మోడల్ పెన్ను ఇంకో మోడల్‌కి పనిచేస్తుందన్న గ్యారంటీ లేదు. కాబట్టి ఆ పెన్ను ఇక్కడ విడిగా దొరుకుతుందో లేదో కొనే రోజే చూసుకోండి. నాది ఒకసారి సోఫా సందులో పడి నాలుగు రోజులు కనపడలేదు. ఆ నాలుగు రోజులూ నా పెన్ డిస్‌ప్లే మీద మా అత్తయ్యగారు సీరియళ్లు చూశారు. బొమ్మ చాలా బావుందన్నారు.