ఇంగ్లీషులో ధారాళంగా మాట్లాడదాం – 4వ పాఠం: వాక్యం మధ్యలో ఎందుకు ఆగిపోతాం?

పోయిన పాఠంలో పదాల చివర మనం తగిలించే అచ్చుల సంగతి చూశాం. బస్, కార్, మిల్క్ అనాల్సిన చోట బస్సు, కారు, మిల్కు అనేస్తాం కదా, ఆ అలవాటు. కొన్ని మాటలు ఫోన్‌లో రికార్డు చేసుకుని వినమన్నాను. ఇంకా చేయకపోతే ముందు అది పూర్తి చేయండి. ఈ పాఠంలోనూ ఆ రికార్డరుతోనే పని.

ఈసారి అన్నిటికంటే పెద్ద అడ్డంకి. టెన్స్‌లు తెలుసు, ఇంగ్లీషు పేపరు చదివితే అర్థమవుతుంది, పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. అయినా ఎదుటి మనిషి ఏదైనా అడిగితే నాలుగు మాటలు చెప్పేసరికి నోరు ఆగిపోతుంది. దీన్ని భయం అంటారు, ధైర్యం తెచ్చుకోమని సలహా ఇస్తారు. టెన్షన్ ఉంటుంది, కాదనను. కానీ ధైర్యం ఉన్నవాళ్లు కూడా అక్కడే ఆగుతున్నారంటే, కారణం మరొకటి ఉన్నట్టే. అది తెలుగు వాక్యానికీ ఇంగ్లీషు వాక్యానికీ అమరికలో ఉన్న తేడా.

ఈ వాక్యం చూడండి: ‘మా ఊరి నుంచి నిన్న వచ్చిన అబ్బాయి నాకు ఫోన్ చేశాడు.’ తెలుగులో ముందు అతని వివరాలు వచ్చాయి, తర్వాత అబ్బాయి వచ్చాడు, అతను చేసిన పని అన్నిటికంటే చివర వచ్చింది. ఇదే వరసలో ఇంగ్లీషులోకి మార్చబోతే ‘ఫ్రమ్ అవర్ విలేజ్ యెస్టర్‌డే...’ దగ్గరే దారి మూసుకుపోతుంది. ఇంగ్లీషుకు మొదట కావాల్సింది అబ్బాయి: ‘ద బాయ్ హూ కేమ్ ఫ్రమ్ అవర్ విలేజ్ యెస్టర్‌డే కాల్డ్ మీ.’ అంటే మనసులో అనువాదం చేసుకునే మనిషి తెలుగు వాక్యమంతా చివరిదాకా కట్టుకుని, మళ్లీ వెనక్కి వచ్చి, ముక్కలన్నీ తిప్పి పేర్చాలి. కాగితం మీద రాసేటప్పుడు అందుకు తీరిక ఉంటుంది. ఎదురుగా మనిషి ఉన్నప్పుడు ఉండదు.

కాబట్టి తెలుగు వాక్యాన్ని అంత పొడవుగా కట్టుకోవడమే మానేద్దాం. ‘ఎ బాయ్ కాల్డ్ మీ. హి కేమ్ యెస్టర్‌డే. హి ఈజ్ ఫ్రమ్ అవర్ విలేజ్.’ ముందు ఎవరు, వెంటనే ఏం చేశారు, మిగతావన్నీ తర్వాత. చిన్న వాక్యాలు చిన్నపిల్లల మాటల్లా ఉంటాయని సంకోచించకండి. అవి తడుముకోకుండా వచ్చాక హూ, బికాజ్, సో లాంటి మాటలతో కలపడం తేలిక. మొదటి రోజే పొడవాటి వాక్యాలకు పోవడం వల్లే చాలామంది మాట్లాడటమే మానేస్తున్నారని నా నమ్మకం.

ఈ ‘ఎవరు’ విషయంలో ఇంకో చిక్కుంది. ‘బ్యాంకుకు వెళ్లాను’ అంటే చాలు, నేనే వెళ్లానని క్రియ చివర ఉన్న ‘ను’ చెప్పేస్తుంది. ఇంగ్లీషు క్రియ ఆ పని చేయదు, ‘ఐ’ ఉండి తీరాలి. వాన పడుతోందని చెప్పడానికి కూడా ‘ఇట్ ఈజ్ రెయినింగ్’ అని ఒక ‘ఇట్’ కావాలి. అందుకని కొన్నాళ్లపాటు ప్రతి వాక్యాన్నీ ఐ, వి, యు, హి, షి, దే, ఇట్‌లలో ఒకదానితో మొదలుపెట్టండి.

ప్రశ్నలు వేరు. ‘నువ్వు బజారుకు వెళ్లావు’లో ‘బజారుకు’ తీసేసి ‘ఎక్కడికి’ అని పెడితే మన ప్రశ్న తయారు. అదే పద్ధతిలో ‘యు వెంట్ వేర్’ అనేస్తాం. ‘వేర్ డిడ్ యు గో’ అనాలని తెలిసినా, ఆ క్షణంలో సూత్రం గుర్తు తెచ్చుకునే వ్యవధి ఉండదు. వేర్ డిడ్ యు గో, వాట్ డిడ్ యు ఈట్, వెన్ డిడ్ యు కమ్ – ఇవి ఎక్కాల్లా నోటికి రావాలి. పైకి గట్టిగా అనండి. ఎ, ద ఎక్కడ పెట్టాలో ప్రస్తుతానికి పట్టించుకోకండి. అవి తప్పినా చాలాసార్లు ఎదుటివాళ్లకు అర్థమవుతుంది.

విదేశీ చదువుల కోసం ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్లు ఒకటి గమనించాలి. అందులో మాట్లాడే పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు. ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ – నాలుగింటికీ సమాన విలువ. ప్రతి మాట దగ్గరా ఆగి వ్యాకరణం దిద్దుకుంటూ పోతే ధారాళత దెబ్బతింటుంది.

ఇక సాధన. భాషాబోధనలో 4/3/2 అనే పద్ధతి ఉంది. న్యూజిలాండ్ భాషావేత్త పాల్ నేషన్ దీన్ని పరిశీలించి రాశాక బాగా వాడుకలోకి వచ్చింది. ఒకే విషయాన్ని ఒకరికి 4 నిమిషాలు చెప్పాలి, ఇంకొకరికి 3 నిమిషాల్లో, మరొకరికి 2 నిమిషాల్లో. మొదటిసారి ఏం చెప్పాలా అని వెతుక్కుంటాం. రెండోసారికి విషయం, మాటలు సిద్ధంగా ఉంటాయి కాబట్టి వేగం మీద ధ్యాస పెట్టగలుగుతాం. వినేవాళ్లు లేకపోతే ఫోన్‌కే చెప్పండి. 4 నిమిషాలు కష్టమైతే రెండు, ఒకటిన్నర, ఒకటి చాలు.

వినేవాళ్లను మాత్రం చూసి ఎంచుకోండి. ‘బట్లర్ ఇంగ్లీషు’ అని నవ్వే బంధువు ఒక్కరున్నా ఆ ఇంట్లో మిగతావాళ్లు నోరు మెదపరు. నవ్వకుండా వినే అక్కో, స్నేహితుడో దొరికితే వాళ్లకు ఇంగ్లీషు అంతగా రాకపోయినా ఫరవాలేదు.

ఈ వారం విషయం: మీ ఇంట్లో పులిహోర ఎలా చేస్తారు. ఇంగువకు మాట తెలియకపోతే నిఘంటువు తెరవకండి, ‘ఎ స్పైస్ విత్ ఎ స్ట్రాంగ్ స్మెల్’ అని వర్ణించి ముందుకు సాగండి. తెలియని మాటను ఇలా చుట్టి చెప్పడం కూడా ఈ పాఠంలో భాగమే. మూడు రికార్డింగులూ తేదీ వేసి దాచుకోండి. వారం చివర మొదటిదీ, చివరిదీ వరసగా విని, ఎక్కడెక్కడ ఆగారో రాసుకోండి. ఆ కాగితం 5వ పాఠంలో కావాలి. అందులో ఫోన్ సంభాషణలు, ఎదుటివాళ్లు వేగంగా మాట్లాడితే ఏం చేయాలో చూద్దాం.