పల్లె దారుల్లో పరుగు: ఎవరి కాళ్లకు ఏ బాట

పరుగుకి పల్లె దారి వెతికేటప్పుడు చాలామంది ముందు కిలోమీటర్లు చూస్తారు, తర్వాత అందం చూస్తారు. అంతకన్నా ముందు చూసుకోవాల్సింది వేరే ఉంది. మధ్యలో సత్తువ అయిపోతే అక్కణ్ణుంచి ఎలా వస్తారు? ఎక్కడైనా వెనక్కి తిరగగలిగే బాట కొత్తవాళ్లది. మొదలుపెట్టాక పూర్తిచేయక తప్పని చుట్టు అలవాటున్నవాళ్లది.

కొత్తవాళ్లకి చెరువు గట్టునో కాలువ గట్టునో మించింది లేదు. కాలువకి నీళ్లు పారేంత వాలు మాత్రమే ఇస్తారు కాబట్టి గట్టు మీది బాట కూడా దాదాపు చదునుగానే ఉంటుంది. రెండు గట్లలో బండ్లు తిరిగే వెడల్పాటి గట్టు ఎంచుకోండి. రెండోదాని మీద గడ్డి పెరిగి గుంతలు కనపడవు, పాములూ కనపడవు. దూరం లెక్క పక్కనపెట్టి టైము చూసుకోండి. 5 నిమిషాలు చురుగ్గా నడిచి, ఆపైన 1 నిమిషం పరుగు, 2 నిమిషాల నడక చొప్పున నాలుగు సార్లు చేసి వెనక్కి తిరగండి. వచ్చేటప్పుడూ అంతే, చివరి 5 నిమిషాలు మళ్లీ నడక. మొత్తం 34 నిమిషాలు. పరిగెడుతూ ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. మధ్యలో ఊపిరి కోసం ఆగారంటే వేగం ఎక్కువైనట్టే. ఇది తేలిగ్గా అనిపించాక 2 నిమిషాల పరుగు, 1 నిమిషం నడకకి మారండి.

గట్టు మీద గాలికి అడ్డు ఉండదు. అందుకే ఎదురుగాలిలో బయల్దేరండి. గాలివాటున బయల్దేరితే కాళ్లు తేలికగా ఉన్నాయనుకుని దూరం వెళ్లిపోతారు, అలసిపోయాక గాలికి ఎదురీదాల్సి వస్తుంది. చూడదగ్గ చోటు కూడా దారి మొదటి సగంలో ఉండేలా చూసుకోండి. బాగా అలసినవాళ్లకి కనిపించేది కాళ్ల ముందు మూడడుగుల నేలే.

అరగంట ఆగకుండా పరిగెత్తగలిగితే బండి బాటల మీద చుట్లు వేసుకోవచ్చు. 6 కిలోమీటర్ల పెద్ద చుట్టు కన్నా, 8 అంకెలా కలిసే 3 కిలోమీటర్ల చుట్లు రెండు మేలు. రెండూ కలిసే చోట నీళ్ల సీసా పెట్టుకోవచ్చు, బాగోకపోతే ఒక్క చుట్టుతో ఆపేయొచ్చు.

ఈ బాటల్లో చీలమండలు మడతపడేది ఎక్కువగా ట్రాక్టర్ టైర్ల గాడుల దగ్గరే. వానలో దిగబడిన టైరు జాడ ఎండాక అంచులు రాయిలా గట్టిపడతాయి. పాదం సగం అంచు మీద, సగం గాడిలో పడితే మడమ పక్కకి ఒరిగిపోతుంది. గాడి అడుగునైనా, మధ్య మిట్ట మీదైనా ఒకే వరస పట్టుకుని వెళ్లండి, మాటిమాటికీ మారకండి. చూపు మూడు నాలుగు మీటర్ల ముందుండాలి. వాన పడ్డ మర్నాడు బంకమట్టి బాట జోలికి పోకండి. మట్టి అడుగుకి ముద్దలుగా అంటుకుని బూటు బరువెక్కుతుంది, అడుగు పట్టు కూడా పోతుంది.

తారు రోడ్డు ముక్క తగిలితే ఎదురుగా వచ్చే బండ్లు కనిపించే వైపున పరిగెత్తండి. మలుపు లోపలి అంచు మీ వైపుంటే వచ్చే బండికి మీరు కనపడరు. అలాంటి మలుపుకి బాగా ముందే అవతలి అంచుకి దాటి, మలుపు అయ్యాక ఇవతలికి రండి. వాన నీరు జారడానికి రోడ్డుని అంచుల వైపు వాలుగా వేస్తారు. ఎప్పుడూ ఒకే అంచున పరిగెత్తితే ఒక కాలు పల్లంలో పడుతూ మోకాలి పక్కన నొప్పి మొదలవచ్చు. తారు ముక్క ఎంత చిన్నదైతే అంత మంచిది.

గుట్ట దారులు నిలకడగా గంట పరిగెత్తేవాళ్లకే. దూరం లెక్కకి 1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. దాని ప్రకారం 100 మీటర్ల ఎత్తు ఎక్కడం చదునుగా సుమారు 800 మీటర్లు వెళ్లడంతో సమానం. 6 కిలోమీటర్ల దారిలో 250 మీటర్ల ఎక్కుడుంటే దాన్ని 8 కిలోమీటర్లుగా లెక్కేసుకోండి. 100 మీటర్లకి 15 మీటర్లు మించి లేచే చోట నడవడం నామోషీ కాదు. అక్కడ మామూలు పరుగరికి గట్టి నడకా పరుగూ ఇంచుమించు ఒకటే.

అసలు దెబ్బ దిగేటప్పుడు తగులుతుంది. తొడ ముందు కండరాలు సాగుతూనే ఒంటి బరువుని ఆపాలి, అందుకే మర్నాడూ మూడోనాడూ మెట్లు దిగలేరు. అంగలు చిన్నవి వేయండి, పాదం ఒంటి కిందే పడాలి, వెనక్కి వాలకండి. వీలుంటే నిటారు వైపు నుంచి ఎక్కి, వాలు తక్కువున్న వైపు దిగేలా రూటు పెట్టుకోండి.

ఉపగ్రహ చిత్రంలో బాట కనిపించినంత మాత్రాన సరిపోదు. నిటారు ఎంతో, కంచెలెక్కడో, వాగు ఎంత లోతో అందులో తెలియదు. ఎత్తు గీతలుండే మ్యాప్ కూడా చూడండి. గీతలు దగ్గరపడితే ఏటవాలు పెరిగినట్టు. మ్యాప్‌ని ఫోన్లోకి దించుకుని కొత్త దారిని ఒకసారి నడిచి చూడండి, సిగ్నల్ ఎక్కడ పోతుందో, ఎవరి చేలోంచి వెళ్లాలంటే అడగాలో అప్పుడే తెలుస్తుంది.

కుక్క వెంటబడితే పరుగు ఆపి నడవండి, దాని కళ్లలోకి చూడకండి. ఆవుకీ దూడకీ మధ్యనుంచి వెళ్లకండి. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లు కూడా లేకపోతే గట్టో గుట్టో దిగి పక్కా భవనంలోకో కారులోకో వెళ్లండి, ఒంటరి చెట్టు కింద నిలబడొద్దు. గంట దాటే పరుగుకి అరలీటరు నీళ్లు మోసుకెళ్లండి. ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి. మధ్యలో దారి మారిస్తే సిగ్నల్ ఉన్నప్పుడే ఓ మెసేజ్ పెట్టండి.